ఆఫ్రికా వేట సఫారీ: బుకింగ్ ఎన్ని నెలల ముందు? ‘వచ్చే వారమే సింహం’ అంటే ఎందుకు అనుమానించాలి?

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఒక్కోసారి ఆఫ్రికా వేట వీడియో ఎదురవుతుంది. నేలకొరిగిన అడవి దున్న, దాని పక్కన రైఫిల్ పట్టుకుని నవ్వుతున్న టూరిస్ట్. వీడియో అరనిమిషమే ఉంటుంది. కానీ ఆ వేటకు అడ్వాన్స్ కట్టింది ఏడాది కిందటో, రెండేళ్ల కిందటో అయి ఉంటుంది. కింద కామెంట్లలో సగం మంది తిడతారు, సగం మంది ‘ఎంత ఖర్చవుతుంది బ్రో?’ అని అడుగుతారు.

అసలు ఈ వేట సఫారీలు ఎలా నడుస్తాయి? ఎన్నాళ్ల ముందు బుక్ చేయాలి? కొన్నింటికి మూడు నెలలు సరిపోతే, కొన్నింటికి రెండేళ్లు ఎందుకు ఆగాలి? ఆ లెక్క తెలిస్తే ఏది నిజమైన అడవి వేటో, ఏది బోనులో పెంచిన జంతువుతో చేసే వ్యాపారమో కూడా అర్థమైపోతుంది.

ముఖ్యాంశాలు

- దక్షిణాఫ్రికా ప్రైవేట్ రాంచ్‌లో జింక జాతుల వేట: 3 నుంచి 6 నెలల ముందు
- నమీబియా వేట, అడవి దున్న వేట: 9 నుంచి 12 నెలల ముందు
- అడవిలో తిరిగే సింహం, చిరుత, ఏనుగు: ఏడాది నుంచి రెండేళ్ల ముందు
- ‘వచ్చే వారమే సింహం రెడీ’ అన్నారంటే ముందు అనుమానించాలి
- భారతీయులు ట్రోఫీని ఇంటికి తెచ్చుకోవడం దాదాపు కుదరని పని

ఎక్కడ చట్టబద్ధం? ఎక్కడ కాదు?

ఆఫ్రికా అంతటా వేటకు అనుమతి ఉందనుకుంటే పొరపాటే. మసాయ్ మారా ఉన్న కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. అక్కడ కెమెరాతో తప్ప జంతువు జోలికి వెళ్లడానికి లేదు.

దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా, మొజాంబిక్, బోట్స్‌వానా లాంటి దేశాల్లో మాత్రం ప్రభుత్వ నిబంధనలకు లోబడి విదేశీయులు వేటాడొచ్చు. అలాగని ఎవరికి వాళ్లు తుపాకీ పట్టుకుని అడవిలోకి వెళ్లిపోతే కుదరదు. దక్షిణాఫ్రికానే తీసుకుంటే, విదేశీయుడు లైసెన్స్ ఉన్న సఫారీ కంపెనీ ద్వారానే రావాలి. పక్కన లైసెన్స్ ఉన్న ప్రొఫెషనల్ హంటర్ తప్పనిసరిగా ఉండాలి. ఈ రంగంలో అతన్ని ‘పీహెచ్’ అంటారు. ఏ జంతువును కొట్టొచ్చు, ఏది వదిలేయాలి అని చెప్పేది అతనే.

రెండేళ్లు ఎందుకు? కోటా లెక్క ఇదీ..

అసలు విషయం ఇక్కడే ఉంది. హోటల్ రూమ్ అయితే ఈ రోజు ఖాళీ లేకపోయినా రేపు దొరుకుతుంది. వేటలో అలా కాదు. ప్రభుత్వాలు ఏటా ఏ ప్రాంతంలో ఏ జంతువును ఎన్నింటిని వేటాడొచ్చో కోటా పెడతాయి. ఒక వేట బ్లాక్‌కు ఆ ఏడాది రెండు సింహాల కోటా వచ్చిందనుకుందాం. ఆ రెండూ అయిపోతే అంతే. మూడో కస్టమర్ ఎంత డబ్బిచ్చినా వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే.

చిరుత లాంటి జంతువులకు దీని మీద ఇంకో తాళం ఉంది. అదే ‘సైటిస్’. అరుదైన జంతువులు, వాటి భాగాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం ఇది. దీని ప్రకారం ఏటా నమీబియా 250, దక్షిణాఫ్రికా 150 చిరుతల ట్రోఫీలను, చర్మాలను మించి బయటకు పంపడానికి లేదు. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. ఆయా దేశాలు అంతకన్నా తక్కువే ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోనూవచ్చు.

కోటా ఒక్కటే కాదు, రోజుల లెక్క కూడా ఉంది. టాంజానియాలో ప్రధాన వేట సీజన్ జూలై నుంచి డిసెంబర్ దాకా. అంటే 184 రోజులు. సింహం, ఏనుగు లాంటి వాటికి అక్కడ సాధారణంగా 21 రోజుల సఫారీ తీసుకోవాలి. 184ను 21తో భాగిస్తే వచ్చేది ఎనిమిదే. ఒక పీహెచ్ సీజన్ మొత్తం ఒక్క రోజు కూడా సెలవు తీసుకోకుండా పనిచేసినా ఎనిమిది మందికి మించి చూడలేడు. మంచి పేరున్న పీహెచ్ అయితే పాత కస్టమర్లే తర్వాతి ఏడాదికి, ఆపై ఏడాదికి తేదీలు రాయించుకుని వెళ్తారు. కొత్తవాళ్లకు మిగిలేది ఒకటో రెండో స్లాట్లు. రెండేళ్ల నిరీక్షణ వెనకున్న కారణం ఇదే.

జంతువును బట్టి టైమ్

3 నుంచి 6 నెలలు: దక్షిణాఫ్రికాలో ఇంపాలా, కుడు, వైల్డ్‌బీస్ట్, వార్ట్‌హాగ్ లాంటి వాటి వేట. ఈ రంగంలో వీటిని ‘ప్లెయిన్స్ గేమ్’ అంటారు. ఇక్కడ వేట ఎక్కువగా ప్రైవేట్ భూముల్లోనే జరుగుతుంది. 1991లో వచ్చిన చట్టంతో, సరైన కంచె ఉన్న భూమిలోని జంతువుల మీద యజమానికి హక్కు గట్టిపడింది. అందుకే రాంచ్‌లు చాలా ఉన్నాయి, స్లాట్లు సులువుగా దొరుకుతాయి. అయితే మే, జూన్ నెలల్లో కుడు జతకట్టే కాలం కాబట్టి పెద్ద కొమ్ముల మగవి బయట తిరుగుతుంటాయి. ఆ తేదీలే కావాలంటే ఇంకొంచెం ముందు అడగాలి.

9 నుంచి 12 నెలలు: నమీబియా సఫారీలు, జింబాబ్వే, మొజాంబిక్‌లలో అడవి దున్న వేట. నమీబియాలో సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 వరకు. మొదటి నెలల్లో ఎండ, వాన ఎక్కువ. అందుకే అందరూ మే నుంచి ఆగస్టు మధ్య తేదీలే అడుగుతారు, ముందు నిండిపోయేవీ అవే.

12 నుంచి 24 నెలలు: అడవి సింహం, చిరుత, ఏనుగు. వీటిలో కోటా తక్కువ, రోజులు ఎక్కువ. చిరుత కోసం చెట్టుకు మాంసం ఎర కట్టి రోజుల తరబడి కాపు కాయాలి. సింహం అయితే వయసు కూడా చూడాలి. టాంజానియాలో ఆరేళ్లు నిండిన మగ సింహాన్నే వేటాడాలన్న రూల్ ఉంది. పిల్లలున్న గుంపును కాపాడే కుర్ర మగ సింహాన్ని కొడితే, కొత్తగా వచ్చిన మగది ఆ పిల్లల్ని చంపేస్తుంది. ఒక తూటాకు ఒక గుంపు చెదిరిపోతుందన్నమాట. అందుకే సరైన సింహం కనిపించక 21 రోజుల తర్వాత ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు.

ఇంకా అరుదైనవి: ఇథియోపియా కొండల్లో తిరిగే మౌంటెన్ న్యాలా లాంటి వాటికి కోటా చాలా తక్కువ. వీటికి రెండేళ్లు కూడా సరిపోకపోవచ్చు. ఇక నల్ల ఖడ్గమృగం సంగతి వేరే. 2014లో నమీబియాకు చెందిన ఒక్క నల్ల ఖడ్గమృగం పర్మిట్‌ను అమెరికాలోని డల్లాస్‌లో వేలం వేస్తే 3,50,000 డాలర్లు పలికింది.

జనవరిలోనే బుకింగ్‌ల జాతర

ఈ వ్యాపారానికి అసలు సీజన్ అడవిలో కాదు, అమెరికాలో మొదలవుతుంది. ఏటా ఏడాది మొదట్లో డల్లాస్ సఫారీ క్లబ్, సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ పెద్ద ఎగ్జిబిషన్లు పెడతాయి. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో ‘యాగ్డ్ ఉండ్ హుండ్’ మేళా కూడా దాదాపు అప్పుడే. ఆఫ్రికా సఫారీ కంపెనీలు అక్కడికి వెళ్లి స్టాళ్లు పెడతాయి. ఆ ఏడాది మిగిలిన స్లాట్లు, తర్వాతి ఏడాది తేదీలు అక్కడే చాలావరకు అమ్ముడవుతాయి. కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో మేలుకుని ‘ఈ ఆగస్టుకి చిరుత కావాలి’ అంటే దొరకడం కష్టం.

ఒక్క మినహాయింపు ఉంది. ఎవరైనా చివరి నిమిషంలో క్యాన్సిల్ చేసుకుంటే ఆ స్లాట్‌ను కంపెనీలు తగ్గింపు ధరకు ఇస్తాయి. అలాంటప్పుడు ‘ఎవరు, ఎందుకు క్యాన్సిల్ చేశారు? ఆ జంతువు కోటా ఇంకా మిగిలే ఉందా?’ అని అడగాలి. రాతపూర్వకంగా చూపించమనాలి.

‘వచ్చే వారమే సింహం’ వెనక అసలు కథ

అడవి సింహానికి ఏడాది, రెండేళ్లు పడుతుంటే, కొందరు మాత్రం వారాల్లోనే ఇప్పిస్తామంటారు. ఎలా సాధ్యం? సమాధానం దక్షిణాఫ్రికాలోని సింహాల ఫామ్‌లలో ఉంది. అక్కడ సింహాలను బోనుల్లో పుట్టించి, పెంచి, కంచె వేసిన ఆవరణలోకి వదిలి వేటాడనిస్తారు. దీన్నే ‘క్యాన్డ్ హంటింగ్’ అంటారు. అంటే డబ్బాలో పెట్టిన వేట. సింహం ఫొటోలు చూసి ఎంచుకునే కేటలాగులు కూడా నడిచాయి. మనిషి చేతి మీద పెరిగిన జంతువుకు పారిపోవాలన్న ఆలోచన కూడా రాకపోవచ్చు.

వేట సంఘాల్లోనే దీని మీద వ్యతిరేకత ఉంది. బోనులో పెంచిన ఆఫ్రికా సింహాల వేటను తాము సమర్థించబోమని సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ 2018లో ప్రకటించింది. ఈ పరిశ్రమకు ముగింపు పలకాలన్న నిపుణుల కమిటీ సిఫారసును దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2021లో ఒప్పుకుంది.

కాబట్టి సింపుల్ లెక్క. జంతువు ఎంత తొందరగా దొరుకుతోందో అంత గట్టిగా ప్రశ్నలు వేయాలి. ఆ సింహం ఎక్కడ పుట్టింది? ఆవరణ ఎన్ని ఎకరాలు? ఎప్పుడు వదిలారు? కోటా పేపర్ ఏది? వీటికి సూటిగా జవాబు రాకపోతే విషయం అర్థం చేసుకోవచ్చు.

సిసిల్ నేర్పిన పాఠం

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే నేషనల్ పార్క్ బయట సిసిల్ అనే సింహం చనిపోయింది. దాని మెడకు పరిశోధకులు పెట్టిన జీపీఎస్ కాలర్ ఉంది. వేటాడింది అమెరికాకు చెందిన ఓ డెంటిస్ట్. సుమారు 50,000 డాలర్లు కట్టారని వార్తలొచ్చాయి. ఆ భూమికి ఆ ఏడాది సింహం కోటాయే లేదని జింబాబ్వే అధికారులు చెప్పారు. తన దగ్గర అన్ని అనుమతులూ ఉన్నాయనే నమ్మానని డెంటిస్ట్ చెప్పారు. ఆయన పేపర్లు సరిగానే ఉన్నాయంటూ జింబాబ్వే ప్రభుత్వం కేసు పెట్టలేదు. కానీ అప్పటికే ప్రపంచమంతా ఆయన ముఖం తెలిసిపోయింది. క్లినిక్ ముందు నిరసనలు జరిగాయి. నెల తిరగకముందే డెల్టా, యునైటెడ్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న ట్రోఫీలను మోసుకెళ్లబోమని ప్రకటించాయి.

డబ్బు కట్టినంత మాత్రాన కోటా ఉన్నట్టు కాదు. ఏ భూమిలో, ఏ ఏడాదికి, ఏ జంతువుకు అన్నది వేటకు ముందే కాగితం మీద చూసుకోవాలి.

మరీ ముందు బుక్ చేసినా రిస్కే

రెండేళ్ల ముందు అడ్వాన్స్ కడితే నిశ్చింతగా ఉండొచ్చా? అదీ లేదు. ఈలోపు రూల్స్ మారిపోవచ్చు.

- 2013లో జాంబియా చాలా ప్రాంతాల్లో వేటను ఆపేసింది. తర్వాత దశలవారీగా మళ్లీ తెరిచింది.
- 2014లో బోట్స్‌వానా ప్రభుత్వ భూముల్లో వేటను నిషేధించింది. 2019లో ఎత్తేసింది.
- 2014లోనే టాంజానియా, జింబాబ్వే ఏనుగు ట్రోఫీల దిగుమతిని అమెరికా నిలిపేసింది.
- 2016లో దక్షిణాఫ్రికా చిరుత కోటాను సున్నా చేసింది.
- 2022లో దక్షిణాఫ్రికా 10 నల్ల ఖడ్గమృగాలు, 10 చిరుతలు, 150 ఏనుగులకు కోటా ప్రకటిస్తే, జంతు సంరక్షణ సంస్థ కోర్టుకెళ్లి ఆపించింది.

ఇలా ప్రతిసారీ అప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఇరుక్కున్నారు. అందుకే కాంట్రాక్ట్‌లో ఒక మాట స్పష్టంగా ఉండాలి. నిషేధం వస్తే లేదా కోటా రద్దయితే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారా, వేరే తేదీకి మారుస్తారా, లేక పోయినట్టేనా?

డబ్బు ఎప్పుడెప్పుడు కట్టాలి?

వేట బిల్లు రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది రోజువారీ ఛార్జ్. క్యాంప్, భోజనం, పీహెచ్, ట్రాకర్లు, జీపు అన్నీ ఇందులోకి వస్తాయి. బుకింగ్ సమయంలో ఇందులో కొంత భాగం అడ్వాన్స్‌గా తీసుకుని, మిగతాది ప్రయాణానికి ముందే కట్టించుకుంటారు. రెండోది ట్రోఫీ ఫీజు. కొట్టిన ప్రతి జంతువుకూ విడిగా కట్టాలి.

ఇక్కడ చాలామందికి తెలియని రూల్ ఒకటుంది. తూటా తగిలి రక్తం కారిందంటే ఆ జంతువు దొరికినా, దొరక్కపోయినా ఫీజు కట్టాల్సిందే. కోటాలో కూడా అది కొట్టినట్టే లెక్క. గాయపడిన దున్న పొదల్లోకి వెళ్తే దాని వెంట ప్రాణాలకు తెగించి వెళ్లేది పీహెచ్, ట్రాకర్లే. గురి కుదరకపోతే ఆగిపొమ్మని పీహెచ్‌లు గట్టిగా చెప్పేది అందుకే.

ట్రోఫీని శుభ్రం చేయించడం, ప్యాకింగ్, షిప్పింగ్ ఖర్చులు వేరు. వేట అయ్యాక అది ఇల్లు చేరడానికి నెలలు పడుతుంది.

తేదీ నుంచి వెనక్కి లెక్క

18 నెలల ముందు: దేశం, జంతువు, పీహెచ్ ఎంపిక. అతని పాత కస్టమర్లతో నేరుగా మాట్లాడాలి. లైసెన్స్ నంబర్ చెక్ చేసుకోవాలి.

12 నెలల ముందు: కాంట్రాక్ట్, అడ్వాన్స్. కోటా, క్యాన్సిలేషన్ షరతులు రాతలో ఉండాలి.

6 నెలల ముందు: విమాన టికెట్లు, తుపాకీ పేపర్లు. సొంత రైఫిల్ తీసుకెళ్తే దిగే దేశంతో పాటు మధ్యలో విమానం మారే దేశం అనుమతి కూడా చూసుకోవాలి. దక్షిణాఫ్రికాకైతే ‘ఎస్‌ఏపీఎస్ 520’ అనే ఫారం నింపాలి. ఇదంతా ఎందుకనుకునేవాళ్లు క్యాంప్‌లోనే రైఫిల్ అద్దెకు తీసుకుంటారు.

3 నెలల ముందు: వీసా, ఇన్సూరెన్స్. క్యాంప్‌లు ఆస్పత్రులకు చాలా దూరంగా ఉంటాయి కాబట్టి ఎయిర్ అంబులెన్స్ కవర్ ముఖ్యం.

నెల ముందు: టీకాలు, మలేరియా మాత్రలు. యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది. చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు.

మన దేశ చట్టం ఏమంటోంది?

భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఒకప్పుడు నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో షికారు ఆడిన రాజులు, దొరల కాలం దాంతో ముగిసిపోయింది.

విదేశంలో అక్కడి చట్టం ప్రకారం వేటాడినా, ట్రోఫీని ఇక్కడికి తేవడం దగ్గర చిక్కు వస్తుంది. సైటిస్ జాబితాలోని జంతువుల చర్మం, గోరు, పన్ను, ఏదైనా సరే అనుమతి లేకుండా తెస్తే కస్టమ్స్ స్వాధీనం చేసుకుంటుంది, కేసూ పెట్టొచ్చు. ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం మన దగ్గర 1991 నుంచే నిషేధం. 2022లో చేసిన సవరణతో సైటిస్ నిబంధనలు నేరుగా వన్యప్రాణి చట్టంలోకే వచ్చాయి. ‘బ్యాగులో చిన్న గోరు పెట్టుకొస్తే ఎవరు చూస్తారు’ అనే ధీమా పనికిరాదు. అమెరికా, యూరప్‌లలో ఉంటున్న తెలుగువాళ్లకు అక్కడి దిగుమతి రూల్స్ వర్తిస్తాయి.

ఇంకో విషయం. యెల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే విమానాశ్రయం నుంచే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌కు పంపొచ్చు.

తుపాకీ వద్దు, కెమెరా చాలు అంటే?

తెలుగు రాష్ట్రాల నుంచి ఆఫ్రికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది చూడటానికే. దానికీ ముందస్తు లెక్క ఉంది. మసాయ్ మారాకు వైల్డ్‌బీస్ట్ మందలు వచ్చేది సుమారు జూలై నుంచి అక్టోబర్ మధ్య. నది దగ్గరి క్యాంప్‌లు తక్కువ కాబట్టి 9 నుంచి 12 నెలల ముందే చూసుకోవడం మేలు. రువాండాలో గొరిల్లాలను చూడాలంటే ఒక్కో గుంపు దగ్గరకు రోజుకు 8 మందినే పంపుతారు. విదేశీయులకు పర్మిట్ ధర 1,500 డాలర్లు. ఇక్కడ కూడా టైమ్‌ను నిర్ణయించేది కోటానే. తేడా ఒక్కటే. గొరిల్లాను ఈ రోజు ఎనిమిది మంది చూసినా, రేపు ఇంకో ఎనిమిది మందికి అది అక్కడే ఉంటుంది.

ఆ డబ్బు ఎవరికి? తేలని చర్చ

వేటను సమర్థించేవాళ్లు నమీబియాను చూపిస్తారు. అక్కడ 1996 చట్ట సవరణతో ఊళ్లవాళ్లు ఉమ్మడిగా ‘కన్జర్వెన్సీ’లు పెట్టుకున్నారు. వేట ఫీజులో వాటా, మాంసం ఊరికే వస్తాయి. పంట తొక్కే ఏనుగు వల్ల ఆదాయం కూడా ఉందంటే రైతు దాన్ని బతకనిస్తాడన్నది వాళ్ల వాదన. టూరిస్టులు రాని మారుమూల అడవులకు వేట డబ్బే దిక్కు అనీ అంటారు.

వ్యతిరేకించేవాళ్లు ఇంకోటి అడుగుతారు. ఆ డబ్బులో నిజంగా ఊరికి చేరేదెంత? లెక్కల్లో జంతువులు ఎక్కువ చూపించి కోటా పెంచితే ఆపేదెవరు? మంద మొత్తంలో బలమైన, పెద్ద కొమ్ముల మగవాటినే ఏరి చంపితే తర్వాతి తరం ఏమవుతుంది?

ఈ రెండు వర్గాలూ ఒప్పుకునే మాట మాత్రం ఒకటుంది. కోటా నిజాయితీగా ఉండాలి. అలా ఉన్నచోట క్యూ తప్పదు. డబ్బున్నవాడు కూడా ఏడాదో, రెండేళ్లో ఆగాల్సి వస్తోందంటే, అక్కడ అడవి లెక్క ఇంకా నడుస్తోందని అర్థం. ఆగాల్సిన పనే లేదని ఎవరైనా అంటే, ఆ జంతువు ఎక్కడి నుంచి వస్తోందో అడ్వాన్స్ కట్టకముందే తెలుసుకోవాలి.